ఆటపెట్టె మీద పసుపునీళ్ళు

మూడు రోజులు దేన్నీ ముట్టుకోవద్దన్నారు. ఆ మూడు రోజుల్లోనే నేను అంతరిక్షంలో తిరిగే ఓడొకదానిలో ఉన్న జనాన్నంతా కాపాడాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఉండనీయండి. ఈ మాట మాత్రం తగ్గించి చెప్పను.

మాది మచిలీపట్నం. నాన్నకి రోల్డుగోల్డు నగల దుకాణం. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నెలసరి వస్తే ఆడపిల్ల మూడు రోజులు వీధిగదిలో కూర్చోవాలన్నది మా ఇంటి చట్టం. ఆ చట్టానికి జడ్జీ, పోలీసూ అన్నీ మా నాయనమ్మే. చాప వేరు, కంచం వేరు, గ్లాసు వేరు. అన్నం గుమ్మం అవతలి నుంచి వడ్డించేవాళ్ళు. నేను తాకినదాన్ని ఎవరూ తాకకూడదు, తాకితే వెంటనే తల మీద నీళ్ళు పోసుకోవాలి. నాయనమ్మ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు వైపు. ఉప్పెనకి ఇల్లు కొట్టుకుపోయినా బెదరలేదని ఆవిడ గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి, ఆ మూడు రోజుల్లో నేను ఊరగాయ జాడీ వైపు చూస్తే చాలు, హడలిపోయేది.

ఇంట్లో అక్కర్లేనివన్నీ ఆ వీధిగదికే చేరేవి. కాలు విరిగిన కుర్చీ, నాన్న పాత సైకిలు, హాల్లోకి కలర్ టీవీ వచ్చాక బయటికి గెంటిన బ్లాక్ అండ్ వైట్ టీవీ, నెలకి మూడు రోజులు నేను.

అన్నయ్య గుడివాడలో బీఎస్సీ చదివేవాడు. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు. అక్కడి స్నేహితుడొకడు పెళ్ళికని ఊరు వెళ్తూ, సీడీ వేసి టీవీలో ఆడుకునే గేమ్ పెట్టెని అన్నయ్య చేతిలో పెట్టాడు. ఆ వచ్చే సోమవారానికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. తుపాకి మోతల్లో తన సీరియల్ వినపడదని నాయనమ్మ దాన్ని హాల్లో పెట్టనివ్వలేదు. చివరికి అదీ వీధిగదికే వచ్చి పాత టీవీకి తగులుకుంది.

ఆ ఆట ఒక ఇంగ్లీషు సినిమాని బట్టి తయారుచేసింది. ఆ సినిమా ఒకటో భాగం, రెండో భాగం, మూడో భాగం అంటూ వరసగా వచ్చింది. అన్నయ్య మూడూ గుడివాడ హాల్లో, తెలుగు మాటలతో చూశాడు. నేను ఒక్కటీ చూడలేదు. రైలెక్కి పక్క ఊరికి సినిమాకెళ్ళే ఆడపిల్ల మా ఇంట్లో లేదు మరి. కథ మాత్రం అన్నయ్య ఆడుతుంటే పక్కన కూర్చుని పట్టేశాను. జనాన్ని ఎక్కించుకుని వేరే గ్రహానికి వెళ్తున్న ఓడలోకి పురుగులు జొరబడతాయి. గేదెంత ఒళ్ళు, పీతకాళ్ళు, కళ్ళు ఉండవు. మనం సిపాయి. తలుపులు తెరిచే కార్డులు వెతుక్కుంటూ, ఉన్న నాలుగు గుళ్ళూ పొదుపుగా వాడుకుంటూ, అడుగునున్న ఇంజను గది దాటి జనాన్ని చిన్న ఓడలోకి చేర్చాలి.

మా అన్నయ్య ఆ ఇంజను గదిలో రోజూ చచ్చేవాడు. తలుపు తెరుచుకోవడం ఆలస్యం, ఒకటే పరుగు, ఒకటే కాల్పులు. ఇంకేముంది, గుళ్ళు అయిపోయేవి, పురుగులన్నీ మీద పడేవి. "ఈ బటన్ పనిచెయ్యట్లేదెహె" అని చేత్తో పట్టుకుని ఆడే రిమోట్‌ని చాప మీద కొట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో.

"అన్నయ్యా, ఒక్కసారి నాకివ్వవా?" అంటే, "నీకెందుకే ఇది? అష్టాచెమ్మా అనుకున్నావా? వెళ్ళి మజ్జిగ పట్రా" అనేవాడు. టీవీ వైరు కదిలితే పట్టుకోవడం, మజ్జిగ తేవడం, ఇవీ నా పనులు. అన్నయ్య ఎక్కడ తప్పు చేస్తున్నాడో మాత్రం నాకు తెలుస్తూనే ఉండేది. కళ్ళు లేని పురుగులు మరి దేన్ని బట్టి వస్తాయి? కదలికని బట్టి. ఆ మాట చెబితే, "నువ్వు నాకు చెప్పొచ్చావా!" అని నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

శుక్రవారం పొద్దున నేను బయట చేరాను. అన్నయ్య కాలేజీకి వెళ్ళాడు, నాన్న దుకాణానికి వెళ్ళాడు. ఇంటి పని లేదు, వంటింట్లోకి రానివ్వరు, దేవుడి గది ఊసే లేదు. ఎదురుగా టీవీ, దాని ముందు పెట్టె. ముట్టుకోవద్దన్నవాటి లెక్కలో ఊరగాయ ఉంది, తులసి ఉంది, ఆరేసిన మడిబట్ట ఉంది. గేమ్ పెట్టె సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆగేదాన్ని కాదనుకోండి. స్విచ్ వేశాను.

మొదటి గంటలో నాలుగుసార్లు చచ్చాను. ఆ తర్వాత చెయ్యి కుదిరింది. తలుపు వెనక తలుపు తెరుచుకుంటూ పోతుంటే ఆకలి కూడా వెయ్యలేదు. మధ్యాహ్నం అమ్మ కంచంతో వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. కంచం లోపలికి జరిపి, అక్కడే చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఆ మూల నుంచి ఇంకోటి వస్తోందే, చూసుకో!" అంది కాసేపటికి. దాన్ని కాల్చాక, "సౌండ్ తగ్గించుకో, మీ నాయనమ్మ లేస్తుంది" అని వెళ్ళిపోయింది. అమ్మ కూడా నెలనెలా ఆ చాప మీద కూర్చునే మనిషే.

సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి నేను ఇంజను గది తలుపు ముందున్నాను. ఎక్కడిదాకా ఆడామో దాచుకునే కార్డు ఒకటి ఆ పెట్టెకి ఉంటుంది. నా ఆట అందులో అప్పుడే భద్రం చేశాను. అన్నయ్య గుమ్మంలోంచి తెర చూశాడు, నన్ను చూశాడు. రిమోట్ లాక్కుని, "నాయనమ్మా! ఇది నా గేమ్ ముట్టేసుకుందే!" అని ఊరంతా వినపడేలా అరిచాడు.

నాయనమ్మ వచ్చి నోరు నొక్కుకుంది. "హవ్వ! హవ్వ! వస్తువులన్నీ మైలపరిచావటే? అదేం పొయ్యేకాలం నీకు? ఒరేయ్, ఆ చేతిలోది కింద పెట్టరా ముందు! వెళ్ళి నీళ్ళు పోసుకో!"

చాడీ చెప్పిన పుణ్యానికి వాడికే స్నానం వచ్చింది. తల తుడుచుకుంటూ వచ్చాక కానీ అసలు సంగతి వాడి బుర్రకి ఎక్కలేదు. నేను తాకిన పెట్టెని నాలుగో రోజు దాకా వాడు తాకడానికి లేదు. నాలుగో రోజంటే సోమవారం.

"మరి నేనెప్పుడు ఆడేది?" అని ఏడుపు మొహం పెట్టాడు.

"దానికేముందిరా నాన్నా. పసుపునీళ్ళు చల్లితే శుద్ధవుతుంది" అంది నాయనమ్మ. మనవడి కోసం ఎంతటి చట్టమైనా వంగుతుంది. చెంబుతో పసుపునీళ్ళు, ఒక మామిడి మండ పట్టుకొచ్చింది. పెట్టె ఇంకా నడుస్తూనే ఉంది.

"నాయనమ్మా, వద్దు! కరెంటు! స్విచ్చన్నా తియ్యనీ" అని నేను లేచాను.

"నువ్వు అక్కడే ఉండు. కదిలావంటే చూడు" అంది.

ఏదో కాస్త చిలకరించి ఊరుకుంటుందనుకున్నాను. పాపం పెద్దదనుకుందో ఏమో, మండ నిండా ముంచి మూడుసార్లు విదిలించి, మిగిలింది చెంబుతోనే పోసింది. టప్ మంది. కాలిన వాసన వచ్చింది. తెర మీద నా సిపాయి మాయమైపోయాడు.

నాయనమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "చూశారా! మైల తగిలితే ఇంతే మరి. దీని చెయ్యి పడింది, అది చచ్చింది" అంది.

అన్నయ్య చదివేది సైన్సు. నీళ్ళకీ కరెంటుకీ పడదని వాడికి నాకంటే బాగా తెలుసు. అయినా నా వైపే వేలు చూపించాడు. "నువ్వు ముట్టుకోబట్టే కదే ఇదంతా! మావాడికి నేనేం చెప్పను?" అన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నాకూ అంతే. నాయనమ్మ తిట్లు అలవాటే, అన్నయ్య ఆ అబద్ధానికి తల ఊపినందుకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న దుకాణానికి కంప్యూటర్ కొనాలని అప్పటికే అంటున్నాడు. కొంటే నేర్చుకునేది నేనేనని ఎదురుచూస్తున్నాను. ఈ మాట ఇంట్లో నిలబడిపోతే ఇంక ఆ కంప్యూటర్ దరిదాపులకి కూడా నన్ను రానివ్వరు. ఏ మిషను చెడినా నా చెయ్యే అంటారు. కాబట్టి ఆ పెట్టె బతికి తీరాలి. అది కూడా నా చేతులతోనే బతకాలి.

శనివారం అన్నయ్య కాలేజీకి వెళ్ళగానే పెట్టెని తలకిందులు చేశాను. పచ్చటి నీళ్ళు కారాయి. సీడీని ఓణీ అంచుతో తుడిచాను. పెట్టె మూత తెరిచి, వీధి అరుగు మీద ఎండలో పెట్టి, కాకులు రాకుండా పక్కనే కూర్చున్నాను. ఎండ పక్కకి జరిగినప్పుడల్లా దాన్నీ జరిపాను. నాయనమ్మ లోపలి నుంచి చూసి పళ్ళు నూరింది కానీ దగ్గరికి రాలేదు. ఎలా వస్తుంది? అది మైలపడిన వస్తువు. మొత్తం ఇంట్లో దాన్ని ముట్టుకోగల మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను.

"ఏంటమ్మాయ్ అది, రేడియోనా?" అని ఎదురింటి పిన్నిగారు అడిగారు.

"కాదండీ, అంతరిక్షం" అన్నాను. ఆవిడ ఒక రకంగా చూసి వెళ్ళిపోయారు.

ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా ఎండబెట్టి, అప్పుడు అందరినీ పిలిచాను. అమ్మ, నాయనమ్మ, తలంటు పోసుకున్న అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వైర్లు తగిలించాను. స్విచ్ వేశాను. తెర బుసబుసలాడింది, గీతలు పడ్డాయి, ఆ తర్వాత ఓడ కనపడింది.

"ఇప్పుడు చెప్పు నాయనమ్మా. నా చెయ్యి తగిలి చచ్చిందా, నీ నీళ్ళు తగిలి చచ్చిందా?"

నాయనమ్మ ఓడిపోతుందా! "పసుపు మహిమే అది. శుద్ధయ్యింది కాబట్టే లేచింది" అంది.

"సరే అయితే. శుద్ధయ్యిందిగా? ఇదిగో, మళ్ళీ ముట్టుకుంటున్నాను. చస్తుందేమో చూద్దాం." పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి అలాగే ఉంచాను. ఏమీ కాలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంజను గది తలుపు తెరిచాను. గోడవార పైపు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. బటన్ల మీంచి వేళ్ళు తీసేశాను. పురుగులు బిలబిలమంటూ వచ్చాయి.

"కదులే! కాల్చు! నీ మొహం, అక్కడ కూర్చున్నావేంటే!" అన్నయ్య గుమ్మంలో గెంతుతున్నాడు.

"కదలకుండా ఓ మూల కూర్చోవడం నాకు బాగా వచ్చు. మీరే నేర్పించారు" అన్నాను.

ఒక పురుగు నా పక్క నుంచే వెళ్ళిపోయింది. రెండోది, మూడోది కూడా వెళ్ళిపోయాయి. అన్నీ దాటాక లేచి, నెమ్మదిగా అవతలి తలుపు దాకా నడిచాను. జనం చిన్న ఓడ ఎక్కారు. పెద్ద ఓడ వెనకాల పేలిపోయింది. వెనక నుంచి "అమ్మయ్య" అన్న గొంతు నాయనమ్మదేనని నేను ఈ రోజుకీ ఒట్టేసి చెప్పగలను. ఆవిడ పోయేదాకా ఒప్పుకోలేదు.

గెలిచినవాళ్ళ పేరు రాయమని తెర మీద ఖాళీ గళ్ళు వచ్చాయి. అన్నయ్య గుమ్మం దాటి చెయ్యి చాపాడు.

"ఇటివ్వు. పేరు నేను కొడతాను. రేపు మావాడు చూస్తే నా పేరుండాలి."

నేను రిమోట్ ఇవ్వలేదు, దాచుకోనూ లేదు. ఒళ్ళో పెట్టుకుని నాయనమ్మ వైపు చూశాను.

"ఒరేయ్ ఒరేయ్, ముట్టుకోకురా!" అని నాయనమ్మ కేకేసింది. "తలంటు పోసుకున్నావు. అది దాని చేతిలో ఉంది."

అన్నయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మళ్ళీ పసుపునీళ్ళు చల్లిద్దామా?" అని అడిగాను. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నా పేరు ఒక్కో అక్షరమే తీరిగ్గా కొట్టి, కార్డులో భద్రం చేశాను. మర్నాడు పొద్దున అన్నయ్య సంచిలో ఆ పెట్టె రైలెక్కింది. నన్ను వెళ్ళనివ్వని గుడివాడకి నా పేరు వెళ్ళింది.