అక్టోబరులో తేనె

ససమోరి యసుజోకి ఇంకెంత ఆయుష్షు ఉందో డాక్టరు నెలల లెక్కన చెప్పలేదు, యాపిళ్ల లెక్కన చెప్పాడు. ఆ డాక్టరూ జపాన్‌లోని ఇవాకి కొండ కింద, యాపిలు తోటల మధ్య పుట్టినవాడే. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "జొనాగోల్డ్ కోతలు చూస్తావు పెద్దాయనా. ఫుజి సంగతంటావా, నేను మాటివ్వలేను" అన్నాడు. అప్పటికి ఆగస్టు సగం దాటింది. పొట్టలోని రాచపుండు కాలేయం దాకా పాకింది.

తిరిగొచ్చేటప్పుడు చిన్న ట్రక్కు నడిపింది అతని భార్య తొమియే.

"ఓరిన్ కూడా దక్కదన్నమాట" అన్నాడు యసుజో సగం దారిలో. "పోనీలే. పండినా పచ్చగానే ఉంటుంది దొంగమొహంది, దాన్ని నేనెన్నడూ నమ్మలేదు."

"నోరు ముయ్యవయ్యా. డాక్టర్లు చెప్పినవన్నీ జరుగుతాయా ఏం!"

"ఫుజిలో తేనె చూడకుండా పోవడమే బాగాలేదు తొమీ" అని అతను కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ ఊళ్లో సంవత్సరం నడిచేది యాపిళ్లతోనే. సెప్టెంబరు మొదట్లో సుగారు, అక్టోబరు నడుమ జొనాగోల్డ్, ఆ నెలాఖరుకి ఓరిన్, నవంబరు మొదటి వారం దాటాక, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, ఫుజి. ఫుజిని కోసి చూస్తే గింజల చుట్టూ నూనె పీల్చిన కాగితంలా పసుపుగా మెరిసే భాగం ఉంటుంది. దాన్నే తేనె అంటారు. చలి ముదిరి, కాయ చెట్టు మీదే నిండుగా పండితే తప్ప అది రాదు, తొందరపెడితే అసలు రాదు.

యసుజో మనుషులతో కంటే చెట్లతో మర్యాదగా మెలిగే రకం. ఎండ తగలాలని కాయ చుట్టూ ఆకులు తుంచేటప్పుడు ఒక్క ఆకు ఎక్కువ తుంచినా ఊరంతా వినిపించేలా తిట్టేవాడు. ఆ తిట్లు నలభై ఎనిమిదేళ్లుగా పడుతున్నది తొమియేనే. ఆమె పెళ్లయి వచ్చిన ఏప్రిల్‌లో అతను పంపు కొట్టం పక్కనున్న తండ్రి నాటి చెట్టును కొట్టి, దాని మొద్దుకి ఫుజి కొమ్మలు అంటుకట్టాడు. తోటలో మొదటి తేనె ఏటా ఆ చెట్టుదే. మొదటి కాయను అక్కడే నిలబడి కత్తితో రెండు చేసి, వెలుతురుకి పట్టి చూసి, ఒక చెక్క ఆమెకిచ్చేవాడు. పండగలకీ పబ్బాలకీ ఏమీ కొనిపెట్టి ఎరగని మనిషి తన చేత్తో ఆమెకి అందించింది ఆ చెక్క ఒక్కటే. అది లేని సంవత్సరాన్ని తొమియే ఊహించుకోలేకపోయింది.

డాక్టరు చెప్పిన నాలుగో రోజు పొద్దున్నే ఆమె కత్తి తీసుకుని పంపు కొట్టం దగ్గరికి వెళ్లింది.

కాపు పట్టకుండా ఆకు మీదే పెరిగే కుర్ర చెట్లకి యసుజో ఒక వైద్యం చేసేవాడు. కాండం చుట్టూ బియ్యపుగింజ వెడల్పున బెరడు ఒలిచేవాడు. ఆకుల్లో తయారైన సారం వేళ్లకి దిగకుండా పైనే నిలిచిపోతుంది, చెట్టు బెదిరి కాయల మీదికి మళ్లుతుంది. నెలా రెండు నెలల్లో గాయం పూడిపోతుంది. కాయలున్న చెట్టుకి అలా చేస్తే అవి పది పదిహేను రోజులు ముందే పండుతాయని తొమియేకి తెలుసు. పూడిపోతే మళ్లీ ఎక్కడ ఆలస్యమవుతుందోనన్న భయంతో ఆమె రెండు వేళ్ల వెడల్పున ఒలిచింది. బెరడు ఊడి వస్తుంటే కింద తెల్లగా, తడిగా ఉంది. అంత వెడల్పు గాయం పూడదనీ, వేళ్లు ఆకలితో చస్తాయనీ, ఏడాదో రెండేళ్లకో చెట్టు పోతుందనీ తెలియని ఆడమనిషేం కాదు. తెలిసే చేసింది. గోనెపట్టా చుట్టి, తాడు కట్టి, ఇంటికొచ్చి చారు పెట్టింది.

సెప్టెంబరులో సుగారు కాయ తురిమి పెడితే యసుజో సగం గిన్నె తిన్నాడు. అప్పటికే పక్క మీంచి లేవడం మానేశాడు. అక్టోబరులో జొనాగోల్డ్ తురుము రెండు చెంచాలు తిని, "పులుపు" అన్నాడు. డాక్టరు పెట్టిన గడువు దాటింది. ఇరవై ఒకటో తేదీన తొమియే పంపు కొట్టం చెట్టు మీద ఎర్రబడ్డ కాయ ఒకటి కోసి తెచ్చి, అతని కళ్లముందే చెక్కలు చేసింది. నడుమ తేనె ఉంది.

యసుజో మొహం వెలిగిపోయింది. చెక్కను కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. మునిపంటితో కాస్త కొరికి నమిలాడు. నములుతూ నములుతూ ఆగిపోయాడు.

"తీపి ఉంది. వాసన లేదు" అన్నాడు. "ఏ చెట్టుది?"

"రోడ్డు పక్క వరసలోది."

"రోడ్డు పక్కవాటికి నవంబరు పది దాకా తేనె దిగదు. ఎవరికే చెబుతున్నావు?"

తొమియే కత్తి పక్కన పెట్టింది. అబద్ధం ఇక సాగదని చెప్పేసింది. అతను కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"ఎంత వెడల్పు?"

ఆమె రెండు వేళ్లు చూపించింది.

"నేనెలాగూ పోయేవాణ్ని" అన్నాడు యసుజో. "అది పోయేది కాదు కదే." నోట్లో ఉన్న ముక్కను అరచేతిలోకి ఉమ్మి, గోడ వైపు తిరిగాడు.

ఆ తరువాత తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఒళ్లు తుడిస్తే తుడిపించుకున్నాడు, నీళ్లు పడితే తాగాడు, మొహం మాత్రం చూడలేదు. తిట్టినా బాగుండునని తొమియే వంటింట్లో కుమిలిపోయింది.

పదో రోజున ఓరిన్ కోతకి సాయం వచ్చిన పక్క తోట మికామి మండిపడుతూ ఇంట్లోకి వచ్చాడు. గోనెపట్టా జారిపోయి ఉండగా చూశాడట.

"అన్నా, ఎవడో వెధవ నీ పంపు కొట్టం చెట్టుకి బెరడు ఒలిచేశాడు! చుట్టూరా! ఆకులప్పుడే పండిపోతున్నాయి. ఇలాంటి పని చేసినవాణ్ని వదలకూడదు. సాయంత్రం తోటవాళ్ల సంఘంలో అందర్నీ కూర్చోబెడతాను, పోలీసులకి చెబుతాను. చెట్టు మీద కత్తి పెట్టిన చేతులు ఎవరివో తేలాల్సిందే. వదినా, నీకెవరి మీదైనా అనుమానమా?"

తొమియే టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆ ఊళ్లో దొంగకైనా క్షమాపణ ఉంది గానీ కాపు చెట్టును చంపినవాళ్లకి లేదు. సంఘంలో పేరు బయటపడితే ఆమెకి ఇక ఎవరూ తోడు రారు, ఒక నమస్కారమైనా పెట్టరు. చెప్పేద్దామని నోరు తెరిచింది.

"ఎలుకలు" అన్నాడు యసుజో.

మికామి అర్థం కానట్టు చూశాడు. "ఏంటన్నా?"

"ఎలుకలు కొరికాయిరా. నేను చూశాను."

యాపిలు పండించేవాళ్లలో పసిపిల్లలు కూడా నమ్మని మాట అది. పొలం ఎలుకలు చెట్టు బెరడు కొరికేది నడి చలికాలంలో, మంచు కింద, మొదలు దగ్గర. ఈ గాయం నడుమెత్తున ఉంది, అంచులు కత్తితో గీసినట్టు నున్నగా ఉన్నాయి, ఆ ఏడు ఇంకా ఒక్క మంచు రవ్వ కూడా పడలేదు. పైగా యసుజో మంచం దిగక రెండు నెలలైంది. అబద్ధమాడ్డం చేతకాని మనిషి ఆడిన అబద్ధం అలాగే ఉంటుంది.

మికామి అతన్ని చూశాడు, తొమియే చేతుల్ని చూశాడు, నేలని చూశాడు. అతని కోపం ఎటు పోయిందో పోయింది.

"అవునన్నా" అన్నాడు మెల్లిగా. "ఈ ఏడు ఎలుకలు మరీ బరితెగించాయి." టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

యసుజో మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఆమెతో మాట్లాడలేదు. నవంబరు ఆరున, ఫుజి కోతలు మొదలవడానికి మూడు రోజుల ముందు, అలా గోడ వైపు తిరిగే కన్నుమూశాడు.

అగరుబత్తి వెలిగించి పరామర్శించడానికి ఊరంతా వచ్చింది. ఒక్కొక్కరూ తొమియే ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేలకి వంగి, చెప్పాల్సిన రెండు ముక్కలూ చెప్పి, లేచే ముందు మరో మాట కలుపుతున్నారు. "ఎలుకలు పడ్డాయట కదా వదినా, మందు తెచ్చిపెడతాను." "చెట్టు కొట్టాలంటే చెప్పమ్మా, రంపం నేనే తెస్తా." ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ ఆరా తీయలేదు. తొమియే తల వంచుకుని అందరికీ "అవును, ఎలుకలే" అంటూ కూర్చుంది. ఇంతమంది ముందు తనకోసం ఆయన మాట నిలబడుతుంటే, తనకి మాత్రం ఒక్క మాట మిగల్చకుండా పోయాడని ఆమెకి కోపమొచ్చింది. కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

అందరికంటే చివర పై వాలు తోట హత్సుయే వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్లది, భర్త పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. వంగిన నడుముతో దగ్గరికి జరిగి తొమియే చెయ్యి పట్టుకుంది.

"మా తోటలో కూడా ఒకసారి ఎలుకలు పడ్డాయమ్మా" అంది చెవిలో. "మా ఆయన మంచాన పడ్డ ఏడు. అప్పుడూ ఇంకా మంచు పడలేదు."

తొమియే ఆ ముసలావిడ భుజం మీద పడి బావురుమంది.