భుజం మీద చెయ్యి

చర్చిలో నేనెప్పుడూ పాడలేదు. ఈ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు. కీర్తనల పుస్తకం తెరిచి పెదవులు కదిపేదాన్ని, అంతే. నా గొంతు పక్కవాళ్ళకి వినిపిస్తుందేమోనని భయం.

డిగ్రీ చివరి ఏడాది వానాకాలంలో అసలు వెళ్ళడమే మానేశాను. అప్పుడు కొవ్వూరులో ఉండేవాళ్ళం. నా విశ్వాసం ఎక్కడికీ పోలేదు. మనుషులు అక్కర్లేదనుకున్నాను. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరి "ఏమ్మా, సంబంధాలేవన్నా చూస్తున్నారా?" అని అడిగేవారు. దానికి తోడు, చాప మీద నా పక్కన కూర్చునే మామ్మగారు. మా వీధి చివరి ఇల్లు ఆవిడది. ప్రార్థనకి లేచినప్పుడల్లా అడగకుండా నా భుజం పట్టుకుని, బరువంతా నా మీద వేసి లేచేవారు. ఇస్త్రీ చేసిన ఓణీ నలిగిపోయేది.

అమ్మకి తలనొప్పని చెప్పి, గది తలుపు మూసుకుని బైబిలు చదువుకునేదాన్ని. 'దేవుడికి ఈ గది చాలదా?' అని డైరీలో రాసుకున్నాను. మొదట్లో నిజంగానే హాయిగా ఉంది. తర్వాత కుదురు పోయింది. చదువుతూ చదువుతూ లేచి పాలు పొంగాయేమో చూసేదాన్ని, మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టేదాన్ని. రెండు వీధుల అవతల నుంచి పాట గాలికి ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఎవరూ లేరు కదా అని ఒకసారి గొంతెత్తబోయాను. మొదటి చరణం దాటలేదు. ఇన్నాళ్ళూ నా పెదవుల్ని నడిపించింది వాళ్ళ గొంతులేనేమో.

ఆ గదిలో నేను ఓర్చుకోవలసిన మనిషి లేదు. నన్ను ఓర్చుకునే మనిషీ లేదు. తప్పు ఒప్పుకునేదీ నేనే, పోనీలే అనుకునేదీ నేనే. బైబిల్లో పొరుగువారిని ప్రేమించమన్న మాట వచ్చిన చోటల్లా మామ్మగారి చెయ్యి గుర్తొచ్చి పేజీ తిప్పేసేదాన్ని.

ఒక ఆదివారం అమ్మకి జ్వరం. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి కానుకగా పట్టుకెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళందరిదీ అదే అలవాటు.

"బియ్యం ఇచ్చేసి రా. ఉండమనట్లేదులే," అంది దుప్పట్లోంచి.

"తలనొప్పిగా ఉందమ్మా."

"ఆదివారం ఆదివారం వచ్చే తలనొప్పికి మాత్రలుండవే. వెళ్ళు."

గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను. బియ్యం పోసే గంప ముందెక్కడో ఉంది. తల వంచుకుని అందరి మధ్య నుంచీ నడిచి పోశాను. సన్నబియ్యం, కోటాబియ్యం కలిసిపోయి, మావేవో క్షణంలో తెలియకుండా పోయాయి. వెనక్కి వస్తుంటే మామ్మగారు కాళ్ళు ముడుచుకుని చాప మీద చోటిచ్చారు. కాదనే ధైర్యం లేక కూర్చున్నాను. ప్రార్థనకి లేచేటప్పుడు, నాకే తెలియకుండా, భుజం ఆవిడ వైపు వంచాను. ఆవిడ పట్టుకోలేదు. అటువైపు గోడకి చెయ్యి ఆనించి, ఒకసారి జారి, మళ్ళీ లేచారు.

పాట మొదలైంది. నా భుజం ఖాళీగా ఉంది. అక్కడ నిలబడనూ లేకపోయాను, పారిపోనూ లేకపోయాను.

బయట ఆవిడ చెప్పులు వెతుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళాను. "నా భుజం పట్టుకోలేదేం మామ్మగారూ?"

"నేను పట్టుకుంటాననే రావట్లేదేమో అనుకున్నానే. పాడకపోతే పాడకపోయింది, పిల్ల పక్కనుంటుంది కదా అని ఆనుకునేదాన్ని."

"పాడనని మీకు తెలుసా?"

"ఇన్నేళ్ళూ చెవులు ఇంట్లో పెట్టొచ్చి నీ పక్కన కూర్చున్నానా? సర్లే, వచ్చే వారం తొందరగా రా. ఆ గోడ సున్నం చీరంతా అంటుకుపోతోంది."