అమ్మ ఎదురొచ్చిన రోజు

మా ఆత్మకూర్‌లో ఎవరైనా పెద్ద పని మీద బయలుదేరితే ముత్తైదువ ఎదురు రావాలి. భర్త పోయిన ఆడది కంటపడకూడదు. నాయిన చనిపోయాక నేను ప్రయాణమైన ప్రతిసారీ అమ్మ వంటింట్లో దాక్కునేది. ఏళ్లపాటు యుద్ధవిమానాలు నడిపి, తర్వాత కొత్త విమానాలను ఎగరేసి వాటి లోపాలు పట్టే పనికి మారినవాణ్ణి. ఆ తంతు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి సెలవు ముగిసి బయలుదేరుతూ ఆమె చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను.

"వద్దు బిడ్డా, నా మొఖం జూసి పోవద్దు."

"నీ మొఖం గాకపోతె ఇంకెవరి మొఖం జూడాలె?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఎంత సంతోషమైందో.

ఆ వారమే గాల్లో ఇంజనుకు మంటలంటుకున్నాయి. నేనూ, వెనక సీట్లోని ఇంజనీరూ సీట్లతో సహా బయటికి ఎగిరిపడ్డాం. నా నడుము విరిగింది. అతని పారాచూట్ తెరుచుకోలేదు. వాళ్లింట్లో అతనొక్కడే కొడుకు.

ఇంధనం పైపు పగిలిందని విచారణలో తేలింది. అమ్మ విచారణ అంతకుముందే అయిపోయింది. దవాఖానలో నా మంచం దాకా రాకుండా తలుపు దగ్గరే నిలబడి, "ఇంకో తల్లి కొడుకును తిన్న," అంది. పగిలిన పైపు బొమ్మ గీసి చూపించాను.

"గా పైపు అంతకుముందు మంచిగనే ఉండె గద," అంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మారిస్తే ఏది కారణమో తేలదు. నేను మళ్లీ ఎగిరేనాటికి మావాళ్లు పైపు మార్చారు, అమ్మ వంటింటి తలుపు మూసుకుంది. విమానం క్షేమంగా దిగింది. ఇక ఆమెతో వాదించే నోరు నాకు లేకుండా పోయింది.

ఆ తర్వాత ఎప్పుడు బయలుదేరినా తలుపు వెనక నుంచి "పైలం కొడుకా" అనే గొంతే వినిపించేది. బతిమాలాను, అరిచాను, ఒకసారి తలుపును తన్నాను కూడా. మొండితనం నాకు వచ్చిందే ఆమె నుంచి. తెరవలేదు.

నేను విమానాలు మానేసిన ఎండాకాలమే అమ్మ పోయింది. అగ్గికుండ పట్టుకుని నేను ముందు, పాడె నా వెనక. నాలుగడుగులు వేశాక ఆగి, తల తిప్పబోయాను.

"ఎనక్కి సూడొద్దు, నడువ్," అన్నాడు చిన్నాయిన.

నడిచాను. ఆ రోజు కూడా అమ్మ నాకు ఎదురు రాలేదు.