దారి తెలియని డ్రైవరు బాబాయి

డ్రైవరు బాబాయికి దారి తెలియదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషికి, వారం వారం వెళ్లే ఒక్క మీటింగు గది మాత్రం దొరికి చావదు. "మరి అన్నేళ్లు బస్సెలా నడిపారు బాబాయ్?" అని అడిగితే, "దారి బస్సుకి తెలుసురా, నేను హారన్ కొట్టేవాణ్ణి" అనేవాడు. ఇసుమంత సిగ్గు కూడా ఉండేది కాదు.

ఆ మీటింగు తాగుడు మానాలనుకునేవాళ్లది. ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద ఓ గదిలో జరిగేది. వచ్చేవాళ్ల పరువు పోకూడదని బోర్డు పెట్టలేదు. ఆ పరువు కాస్తా డ్రైవరు బాబాయి వీధిన పడి తీసేవాడు. ఓసారి పక్కనే ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి దూరి, మీటింగు ఇదేననుకుని వరసలో కూర్చుని, పిలవగానే వెళ్లి కుర్చీలో నోరు తెరిచాడట. అక్కడి కాంపౌండరు తిట్టుకుంటూ ఆయన్ని మేడ మీదికి తెచ్చి దిగబెట్టాడు. పాపం, ఆ కాంపౌండరు ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు, అదే గదిలో ఆయన పక్క కుర్చీలో కూర్చుని.

ఇక బావమరిది సంగతి. సెలూన్ అతని అక్కమొగుడిది. ఆయన "బావమరిదీ" అని పిలవగా పిలవగా వీధి మొత్తానికీ బావమరిదైపోయాడు. పనిమంతుడే. కానీ తాగుడు ముదిరి, చెయ్యి వణకడం మొదలై, ఓ రోజు ఒక పెద్దమనిషి చెవి కోశాడు. బావ కేకలెయ్యలేదు. కత్తి తీసి సొరుగులో పెట్టి తాళం వేసి, చేతికి చీపురిచ్చాడు. ఆ మీటింగుకి వెళ్తున్నన్నాళ్లూ ఇంట్లో ఉండమన్నాడు, వెళ్లడం మానేసిన రోజు అక్కకి కూడా కనిపించకుండా వెళ్లిపొమ్మన్నాడు. అక్క లోపల్నుంచి అంతా విని, ఎప్పట్లాగే పిలిచి అన్నం పెట్టింది. అతన్ని ఎక్కువ కుంగదీసింది అదే.

వెళ్లడమైతే వెళ్లాడు, ప్రెస్సు మెట్ల దాకా. పైకెక్కడానికి కాళ్లు రాలేదు. రోడ్డు దాటడం, మళ్లీ రావడం. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని భయం. ఇక ఇంటికి పోదామనుకుంటుండగా ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.

"నాయనా, తాగుబోతుల మీటింగెక్కడ?"

తెలియదన్నాడు బావమరిది. తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుకుదాం పదమన్నాడు ఆ పెద్దాయన, మన డ్రైవరు బాబాయే. పట్టిన మోచెయ్యి వదలకుండా సిగరెట్ల కొట్టులో అడిగాడు, మందుల షాపులో అడిగాడు, కూరగాయల బండివాణ్ణి అడిగాడు. అడిగిన ప్రతిచోటా తామిద్దరూ తాగుబోతులమేనని పరిచయం కూడా చేశాడు. బావమరిదికి తల కొట్టేసినట్టయింది. ఈ గోల ఆగితే చాలనుకుని, ఆయన్ని బరబరా మెట్లెక్కించి, తలుపు తనే తోసి లోపలికి లాక్కెళ్లాడు.

లోపల నవ్వులాటలేం లేవు. గుడ్డి ట్యూబులైటు, దించుకున్న తలలు. ఒకాయన తాగి పడిపోయి కన్నకూతురి పెళ్లి చూడలేదని చెప్పాడు. ఎవరూ ఓదార్చలేదు, అలాగే కూర్చుని ఉన్నారంతే. బావమరిది చెవి సంగతి చెప్పినప్పుడూ ఎవరూ ఛీ అనలేదు. ఆ తర్వాత అతను మందు ముట్టలేదు. చెయ్యి నెమ్మదించింది. బావ అప్పుడప్పుడూ సొరుగు వైపు చూస్తున్నాడు కూడా.

అంతలో ఓ సాయంత్రం మళ్లీ తాగాడు. కారణమేమీ లేదు. ఉంటే బాగుండేది, నెపం దానిమీదికి నెట్టేసేవాడు. మీటింగు రోజు రానే వచ్చింది. వెళ్లాలంటే సిగ్గు, వెళ్లకపోతే ఇల్లు లేదు. బట్టలు సంచిలో కుక్కుకుని, ఆఖరుసారిగా షాపు ఊడుస్తున్నాడు.

అద్దంలో డ్రైవరు బాబాయి కనిపించాడు. ఊరికి ఈ చివర, ప్రెస్సుకి ఏమాత్రం సంబంధం లేని వీధిలో, గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు.

"నాయనా, మీటింగెటు?"

"నేను రాను బాబాయ్. మళ్లీ తాగాను."

"నేనడిగింది దారి. తాగావా అని అడిగానా?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

"నీ మొహంతో నాకేం పని? దారి తెలియక చస్తున్నాను, దిగబెట్టు."

తాగాడన్న మాట షాపులోనే ఉన్న బావకి అప్పుడే తెలిసింది. సంచి వైపు ఓసారి చూశాడు. తర్వాత వచ్చి, బావమరిది చేతిలోంచి చీపురు తీసుకుని, మిగిలింది తనే ఊడవడం మొదలుపెట్టాడు. పెద్దాయన్ని దిగబెట్టి రమ్మన్నాడు, తలెత్తకుండానే.

బయటికొచ్చి బావమరిది కుడివైపు తిరిగాడు.

"అటు కాదురా" అని విసుక్కున్నాడు డ్రైవరు బాబాయి. "అటు పైపుల కోసం రోడ్డు తవ్వేశారు, బస్సులన్నీ చుట్టు తిరిగొస్తున్నాయి. ఈ వెనక సందులోంచి వెళ్తే ఆస్పత్రి స్టాపు. అక్కడెక్కితే సరాసరి ప్రెస్సు ముందే..."

టక్కున నోరు మూసుకున్నాడు.

బావమరిది నడిరోడ్డు మీద ఆగిపోయాడు. కాంపౌండరు గుర్తొచ్చాడు. ఈయన్ని తిట్టుకుంటూ తెచ్చి దిగబెట్టి, తామూ అక్కడే ఉండిపోయినవాళ్లంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఎన్నాళ్లకో అతనికి నవ్వొచ్చింది.

"మీకు దారి తెలుసు."

పెద్దాయన సిగ్గుపడటం అతను అప్పుడే చూశాడు.

"లోపల ఎవరితోనూ అనకు నాయనా. అంటే ఇక నన్నెవడు దిగబెడతాడు?"

అననన్నాడు బావమరిది. ఆయన చెయ్యి పట్టుకుని వెనక సందులోకి తిరిగాడు.