జ్ఞాపకార్థ కూడికకు ఒక పికప్

ఆ రోజుల్లో శబ్దాన్ని కొనుక్కోవచ్చని నమ్మేదాన్ని. మనిషి పోయాక ఇంట్లో మిగిలే నిశ్శబ్దానికి సరిపోయే శబ్దం ఎక్కడో ఒక చిన్న అట్టపెట్టెలో ఉంటుందని, దాన్ని కనిపెట్టి తెప్పించుకుంటే చాలని అనుకునేదాన్ని. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. పుస్తకాలు, డైరీ తప్ప స్నేహితులు లేరు. కొట్లో పంచదార అడగాలన్నా ఇంట్లోనే వాక్యం తయారుచేసుకుని వెళ్ళేదాన్ని (కొట్టు దాదా బెంగాలీలో "కీ లాగ్‌బే?", అంటే ఏం కావాలి, అనగానే అది మర్చిపోయి ఉప్పు తెచ్చిన రోజులున్నాయి). అలాంటి నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో, షామియానా కింద, సగం చర్చి సంఘం ముందు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని నిలబడవలసి వచ్చింది. అదంతా మా అన్న చనిపోవడం వల్ల జరిగింది.

అన్న రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్. పగలంతా ఇనుము మధ్య ఉండి, ఇంటికొచ్చాక మళ్ళీ ఇనుము లాంటి సంగీతమే వినేవాడు. అతని గిటార్ నల్లగా, బరువుగా ఉండేది. అందులో బ్రిడ్జ్ దగ్గర, అంటే కుడిచెయ్యి ఆడే చోట, తీగల కింద ఒక ఖాళీ గుంట ఉండేది. ఆ గుంటలో ఉండవలసినది పికప్. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగి తీగ చుట్టి చేసిన చిన్న దిమ్మె అది; గిటార్ తీగ కదలికను అదే కరెంటుగా మారుస్తుంది. గిటార్‌తో వచ్చిన పికప్ "మజ్జిగ తాగి పలుకుతాంది" అని అన్న దాన్ని పీకి అమ్మేశాడు. కొత్తది ఎంచుకోవడానికి నెలల తరబడి ఆలోచించాడు. నేను ట్రంకుపెట్టె మీద కూర్చుని వినేదాన్ని. ఇంట్లో ఇంకెవరూ వినరు కాబట్టి అతని ప్రేక్షకులంతా నేనే. "బ్యాటరీతో నడిసేవి నాకొద్దు సెల్లీ. పాట మజ్జిలో సచ్చిపోతాయి. బ్యాటరీ లేని పాసివ్ పికప్పే కావాల" అనేవాడు. ఆ వానాకాలం జ్వరమని ఆసుపత్రికి వెళ్ళాడు. వారం తిరగకుండా తెల్లగుడ్డలో తిరిగొచ్చాడు. గిటార్‌లో గుంట అలాగే ఉండిపోయింది.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవారి ఏడాది కూడిక రోజున వారి పేరు మీద చర్చికి ఏదో ఒకటి ఇస్తారు. కుర్చీ, గడియారం, ఎక్కువగా ఫ్యాను. ఫ్యాను రెక్కల మీద తెల్ల పెయింటుతో "ప్రభునందు నిద్రించిన" అని మొదలుపెట్టి పేరు రాయిస్తారు. తిరుగుతున్నంతసేపూ ఎవరూ చదవలేరు. కరెంటు పోయినప్పుడు మాత్రం రెక్కలు నెమ్మదించి, ప్రసంగం మధ్యలో మన తలల మీద ఒక్కొక్క మృతుడూ ప్రత్యక్షమవుతాడు. అన్న పేరు మీద గిటార్ ఇచ్చేద్దామని నాన్న నిర్ణయించాడు. కానుకలు పుచ్చుకునే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, సరేనన్నారు. నాన్న అప్పుడే చిన్న పెయింటు డబ్బా, సన్న బ్రష్షు కూడా కొని కిటికీలో పెట్టాడు. అన్న నల్ల గిటార్ మీద తెల్ల అక్షరాలతో "ప్రభునందు నిద్రించిన" అని!

"ఇవ్వొద్దు" అన్నాను. ఇంట్లో అందరూ నా వైపు తిరిగారు. నేను దేనికీ అడ్డు చెప్పే మనిషిని కాదు.

"మరేటి సేస్తావే దాన్ని?" అన్నాడు నాన్న. "గోడకి ఏలాడతాంది. మీ అమ్మ దాన్ని సూసినప్పుడల్లా ముద్ద మింగలేకపోతాంది. ఎవలు వాయిస్తారు?"

"నేను వాయిస్తాను. కూడికలో వాయిస్తాను. అప్పుడు కూడా ఇచ్చేయాలనిపిస్తే ఇచ్చేయండి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నాకు వచ్చింది మూడు కార్డులు, అంటే మూడు స్వరాల గుత్తులు. (నిజానికి రెండున్నర. మూడోదానిలో వేలు అందేది కాదు.) అమ్మ ఏమీ అనలేదు. అన్న పోయిన రోజు నుంచి అమ్మ ఏమీ అనడం లేదు. ఏడవనూ లేదు. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లు మావి. పక్కింటివాళ్ళ దగ్గు కూడా లెక్క తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఎవరికీ వినబడకుండా బతకడం అలవాటైన మనిషి అమ్మ. ఆ పోలిక నాకూ వచ్చింది.

ముందు గుంట నింపాలి. అందుకు నాకు దొరికిన ఏకైక సలహాదారు డబ్బా అన్నయ్య. అన్న స్నేహితుడు, డ్రమ్ములు కొనకముందు నూనె డబ్బాల మీద వాయించేవాడు కనుక ఆ పేరు. వరండాలో కూర్చుని, శవపేటిక కొలతలు చెప్పినంత గంభీరంగా చెప్పాడు. "సూడు సెల్లీ, రెండు జాతులు. ఆల్నికో అయస్కాంతమైతే గుండ్రంగా, ఎచ్చగా పలుకుతాది. సెరామిక్‌దైతే కరుస్తాది. నీకు కరిసేది కావాలా, ముద్దెట్టేది కావాలా?"

"కరిచేది" అన్నాను, నేల చూస్తూ.

"షాబాష్. అయితే అన్నిటికన్నా ఎక్కువ ఔట్‌పుట్ ఉన్నదే కొనీ. ఇల్లు కూలిపోవాల."

కానీ చదవడం నాకున్న జబ్బు. తీగ ఎక్కువ చుట్టిన కొద్దీ గొంతు పెరుగుతుంది, కానీ పైస్థాయి మందగించి కార్డులోని స్వరాలన్నీ కలిసి అంబలి అవుతాయని చదివాను. గిటార్ చెక్క అసలే బరువు, మందగొంతుది. వాయించబోయేది సంఘంవారి కీబోర్డు స్పీకరులో, అది దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంటుంది. దానికి వెచ్చటి ఆల్నికో పెడితే ఏమీ మిగలదు. అలాగని గొంతు చించుకునేదీ పనికిరాదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియోల్లో ఎందరెందరో వాయించిన ముక్కలు విన్నాను. పక్క మంచం మీద మామ్మ, అంటే నాన్న తల్లి, నేను బైబిలు వాక్యం వింటున్నాననుకుని సంతోషించేది. మొదటి వారం అన్నీ ఒకేలా వినిపించాయి. తర్వాత డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను: ఇది తడి కట్టె మంట, ఇది రేకు మీద వడగళ్ళు, ఇది గూడ్సు బండి బ్రేకు. చివరికి ఓ మోస్తరు ఔట్‌పుట్ ఉన్న సెరామిక్ పికప్‌ను ఎంచుకుని, ట్యూషన్ డబ్బులతో తెప్పించాను. జీవితంలో ఇంత ఆలోచించి నేను ఎంచుకున్నది మరొకటి లేదు. నా కాలేజీ కూడా నాన్న ఎంచుకున్నదే.

డబ్బా అన్నయ్య దాన్ని గిటార్‌లో బిగించి వైర్లు అతికించాడు. స్పీకరుకు తగిలించగానే పంది గొంతు కోస్తున్నట్టు కీచుమంది. తీగ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. వీధిలో టోటో రిక్షా ఆపి డ్రైవరు "దీదీ, ఠీక్ హై?" అని తొంగిచూశాడు. చవకదాన్ని కొన్నాను కదా, తయారుచేసినవాడు మైనం పట్టించలేదు. లోపల చుట్టలు వదులుగా ఉంటే పెద్ద శబ్దానికి అవి కూడా వణికి కీచుమంటాయి. కరిగిన మైనంలో ముంచితే ఆగుతుంది.

"మైనమేటి పెద్ద పని" అంది మామ్మ. మంచం కింద నుంచి గుడ్డసంచీ లాగింది. నిండా సగం కాలిన కొవ్వొత్తులు. ఏటా సమాధుల పండుగనాడు అందరూ సమాధుల మీద వెలిగించి వెళ్ళిపోయాక మామ్మ వెనకబడి నడిచేది. మోకాళ్ళ నొప్పి అనుకునేవాళ్ళం.

"మామ్మా! సమాధుల మీదవి ఇంటికి తేకూడదు కదా!"

"కరెంటు పోతే మరి? సచ్చినోళ్ళు సీకట్లో సదువుకుంటారేటే? దీంట్లో మీ తాతది ఉంది. ఆ ఎర్రది మీ మేరీ పిన్నిది, బతికినప్పుడు అగ్గిపుల్ల కూడా ఇవ్వనేదు నాకు."

అమ్మ చర్చికి వెళ్ళిన సమయం చూసి, ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, అందులో గిన్నె పెట్టి, మా బంధువర్గాన్నంతా కరిగించాం. మంట మించితే ప్లాస్టిక్ వంకరపోతుంది కాబట్టి సన్నసెగ మీద పికప్‌ను ముంచాను. దాని లోపలి గాలి చిన్న చిన్న బుడగలై పైకి రావడం మొదలుపెట్టింది.

"ఊపిరి తీస్తాంది సూడే" అంది మామ్మ.

బుడగలు నెమ్మదించాయి. ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత రాలేదు. పికప్‌కు అలా రాకపోవడమే మంచిది, పని పూర్తయినట్టు. అయినా మేమిద్దరం కాసేపు గిన్నెకేసి చూస్తూ ఉండిపోయాం. మామ్మే ముందు లేచి పొయ్యి ఆపింది.

కూడిక రోజు క్వార్టరు ముందు షామియానా వేశారు. పాట మా చావు ఇళ్ళలో పాడేదే, బాగా నిదానమైనది, ఆరు చరణాలది. నేను వాయించవలసింది మామూలు గొంతుతో, మెల్లగా. అన్న వాడిన, శబ్దాన్ని చీల్చే పెడల్ నేల మీద ఉంది కానీ ఆపేసి ఉంది. కరిచే పికప్ ఉందని ఎవరికీ తెలియనవసరం లేదు, నాకు తెలిస్తే చాలు. అందరూ నావైపు చూశారు. మోకాలి దగ్గర మొదలైన వణుకు పాదానికి దిగింది. పాదం పడి పెడల్ ఆన్ అయింది. అదే క్షణంలో చెయ్యి తీగల మీద పడింది.

ఏమి వినిపించిందో రాయడం కష్టం. ముందు వరసలో ఒక బిడ్డ ఏడుపు లంకించుకుంది. అయ్యగారి చేతిలో బైబిలు మూసుకుపోయింది. ఆపెయ్యవచ్చు కదా అని మీరంటారు. సిగ్గరి మనుషుల సంగతి మీకు తెలియదు. ఆపితే అందరూ నన్నే చూస్తారు, ఏదో ఒకటి మాట్లాడాలి. వాయిస్తూ ఉంటే ఆ అవసరం లేదు. కాబట్టి వాయించాను. మా జనం సంగతి ఇంకోటి: పాట ఎత్తుకున్నాక ఆఖరి చరణం అయ్యేదాకా వదలరు. మొదటి చరణంలో తడబడ్డారు. రెండోదానికి గొంతు పెంచారు. నా గోలను దాటి వినబడాలని మూడోదానికి మెడనరాలు తేలేలా అరిచారు. వర్క్‌షాపు శబ్దంలో మాట్లాడుకుని బతికిన మగవాళ్ళు, వాళ్ళకది కొత్త కాదు.

అమ్మ స్పీకరు పక్కనే చాప మీద కూర్చుంది. నాలుగో చరణంలో అమ్మ నోరు తెరవడం చూశాను. పాట మాటలు కావవి. ఆ పెదాల కదలిక నాకు తెలుసు. వంటింట్లోంచి, అన్నాన్ని చల్లారనిస్తూ, "బాబీ, రారా" అని అన్నను పిలిచేటప్పటిది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ. గట్టిగా, మెడ వెనక్కి వాల్చి, కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే. పక్కనున్నవాళ్ళకు కూడా వినబడలేదు. పాట పాడుతోందనే అనుకున్నారు. నేను ఆరో చరణం అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళాను. జనం తిట్టుకుంటూనే నావెంట వచ్చారు.

అయ్యాక అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "బ్రదర్, ఈ వాద్యం... సంఘానికి అంత అవసరం లేదేమో. మీ ఇంటనే ఆశీర్వాదకరంగా ఉండనివ్వండి."

"పెయింటు కొనేసినాను అయ్యగారూ" అన్నాడు నాన్న దీనంగా.

"గేటుకు వేయండి."

డబ్బా అన్నయ్య నా దగ్గరికొచ్చి "టోన్ ఏక్‌దమ్ పదును సెల్లీ. నీకు వాయించడం రాదు గాని" అన్నాడు. నాన్న గిటార్‌ను తీసుకెళ్ళి మళ్ళీ అదే మేకుకు తగిలించాడు. అమ్మ దాన్ని చూసింది. ఆ పూట రెండు ముద్దలు తింది.

ఇప్పుడు నేనొక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను. అందరూ గుసగుసగా మాట్లాడే ఉద్యోగం, నాకు హాయిగా ఉంది. సెలవు రోజుల్లో, నాన్న బయటికి వెళ్ళాక, ఒక్కోసారి అమ్మ తనే లేచి కిటికీలు మూస్తుంది. "ఒలే, కాసేపు ఆ గోలెట్టు" అంటుంది, అదేదో మిక్సీ వేయమన్నట్టు. అని పెరటి వైపు వెళ్ళిపోతుంది. నేను అటు చూడను. ఆ రోజు షామియానా కింద ఆపడం చేతకాక వాయించిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు నాకు ఆపడం వచ్చు. కానీ అమ్మ మొహం కడుక్కోవడానికి కుళాయి తిప్పేదాకా ఆపను.