పుట్టిల్లు లేని కార్డు

తెనాలిలో నేను పనిచేసిన ప్రెస్సులో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి పీసీ. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ దాని మీదే. రెండోది పాత మ్యాక్. దాని మీద శుభలేఖలు తప్ప మరో పని చేయడానికి వీల్లేదు. పీసీ అందరి సొత్తు. వచ్చినవాడల్లా దాని మీద టీ గ్లాసు పెట్టేవాడు. మ్యాక్ మాత్రం పెద్ద సాయిబు గారిది. ఆయన కుర్చీలోంచి లేస్తే దాని మీద తెల్ల తువ్వాలు కప్పాల్సిందే. కప్పడం మరిచిపోతే నాకు ఆ రోజు ప్రసంగం తప్పేది కాదు.

ప్రెస్సు ఇద్దరన్నదమ్ములది. ఊరంతా వాళ్లని పెద్ద సాయిబు గారు, చిన్న సాయిబు గారు అనేవారు. చిన్నాయన కాగితం కొనడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం, మా అందరి మీదా విసుక్కోవడం చూసుకునేవారు. పెద్దాయన చేత్తో ఉర్దూ అక్షరాలు రాసేవారు. వెదురు కలంతో కాగితం మీద రాసి నాకిస్తే, నేను స్కాన్ చేసి మ్యాక్‌లోకి ఎక్కించేదాన్ని. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్కో వంపునీ శుభ్రం చేసేవాళ్లం. నేను నందివెలుగు నుంచి రోజూ ఆటోలో వచ్చే డీటీపీ ఆపరేటర్ని. ఉర్దూ ఒక్క ముక్క చదవడం రాదు. అయినా ఆయన రాతలో ఎక్కడ అంచు పలచబడిందో, ఎక్కడ చుక్క పక్కకి జరిగిందో ఇట్టే పట్టేసేదాన్ని. "చదవడం రానిదానివి కాబట్టే బాగా చూస్తున్నావమ్మాయ్" అనేవారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు తెలియదు. మెచ్చుకోలనే అనుకున్నాను.

ఆయనకి పిల్లల్లేరు. తమ్ముడి కూతురంటే ప్రాణం. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతున్న రోజుల్లోనే ఆయన చెయ్యి కొద్దికొద్దిగా వణకడం మొదలుపెట్టింది. ఒకరోజు పెద్ద కాగితం ఒకటి తెచ్చి నా ముందు పరిచారు. చుట్టూ తీగలు, మధ్యలో పిట్టలు, వాటి నడుమ పారుతున్నట్టుగా అక్షరాలు.

"మా పిల్ల శుభలేఖ. స్కాన్ చెయ్యి" అన్నారు.

"సంబంధం కుదిరిందా సార్?"

"ఎక్కడమ్మా, ఇంకా చదువుకుంటోందిగా. పెళ్లి ఎప్పుడైనా అవుద్ది. నా చెయ్యి మాత్రం ఎప్పుడూ ఇట్టా ఉండదు కదా."

పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలారు. స్కాన్ అయ్యాక ఆ కాగితాన్ని బైండింగ్ బల్ల మీదికి విసిరేశారు. "మిషన్‌లో ఉందిగా" అన్నారు. అది ఏ పార్శిల్ కట్టకి చుట్టుకుని ఏ ఊరు వెళ్లిపోయిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయన పోయారు. తువ్వాలు కప్పిన మ్యాక్ మాత్రం ఆ మూలే ఉండిపోయింది. అవసరమైనప్పుడు నేనే తీసి వాడేదాన్ని. అదీ ఒక ఎండాకాలం కరెంటు ఎగుడుదిగుళ్లకి దెబ్బతింది. స్విచ్ వేస్తే ఎప్పటిలాగే "టంగ్" మని మోగేది. తెర మీద మాత్రం ఏమీ వచ్చేది కాదు.

ఆ ఏడే అమ్మాయికి సంబంధం ఖాయమైంది. రంజాన్ వెళ్లింది, దసరా దగ్గరకొచ్చింది. చిన్న సాయిబు గారు నా బల్ల దగ్గరకొచ్చి, నా ముఖం చూడకుండా కిటికీ వైపు చూస్తూ, "అమ్మాయ్, అన్నయ్య రాసింది తియ్యగలవా?" అని అడిగారు. ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడే మనిషి కాదు. "తీస్తానండి" అనేశాను. ఎలా తీస్తానో నాకే తెలియదు.

గుంటూరు నుంచి ఒకాయన్ని పిలిపించాం. ఆయన మ్యాక్ మూత కూడా విప్పలేదు. తువ్వాలు ఎత్తి చూసి, మళ్లీ కప్పేసి, "కొత్తది కొనుక్కోండి" అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. ఇక గత్యంతరం లేక మా బావకి ఫోన్ చేశాను. మా మేనత్త కొడుకు. బాపట్లలో కంప్యూటర్ల షాపు. చిన్నప్పటి నుంచీ మాకు క్షణం పడదు. మాకు పెళ్లి చేద్దామని పెద్దవాళ్లు అనుకున్నారు. మేమిద్దరం జీవితంలో ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే, వద్దని. తనకి తెలియదు అనే మాట బావ నోట ఎన్నడూ రాదు. ఆ గుణం మీద నాకెంత మంటో, ఆ రోజు దానికోసమే అంత ఆశపడ్డాను.

బావ వచ్చి మూత విప్పాడు. లోపల తెల్లటి పొడుగు గుంటలు చూపించాడు.

"చూశావా, పీసీలో ఉండేవీ ఇవే. దీంట్లో బొమ్మ చూపించే భాగం కాలిపోయింది. పీసీ వీడియో కార్డు ఒకటి ఇక్కడ దించేస్తే తెర దానికి తగిలించుకోవచ్చు."

"దించితే పనిచేస్తుందా?"

"దిగుతుంది అన్నాను."

"ఆ హార్డ్ డిస్కేదో పీకి పీసీకి తగిలించొచ్చుగా?"

"దాని వైరు వేరు. తగిలించినా ఆ బొమ్మలు తెరిచే ప్రోగ్రాము పీసీకి లేదు. నీకు తెలిసిన పని నువ్వు చూసుకో, నాకు తెలిసింది నన్ను చూడనీ."

గుంట ఒకటేగానీ భాష వేరట. కార్డులో ఒక చిన్న చిప్పు ఉంటుంది. కంప్యూటర్ మేలుకోగానే దాన్ని పలకరించే మాటలు అందులో ఉంటాయి. పీసీ కార్డులో పీసీకి అర్థమయ్యే మాటలే ఉంటాయి కాబట్టి మ్యాక్ దాన్ని గుర్తుపట్టదు. ఆ మాటలు చెరిపేసి మ్యాక్ మాటలు రాయాలి. ఇదంతా విని చిన్న సాయిబు గారు, "మా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. అట్టాంటిదేగా?" అన్నారు. "అట్టాంటిదేనండి, కాకపోతే దీనికి ఒక్క భాషే పడుతుంది" అన్నాడు బావ.

బాపట్లలో తన షాపులో మూలపడ్డ పాత కార్డు ఒకటి తీసి, ఇంటర్నెట్లో వెతికి ఆ పని చేశాడు. ఆయుధపూజ రోజు పొద్దున్నే బండి దిగి దాన్ని తెచ్చాడు. "ఇక ఇది పీసీలో పెట్టినా పలకదు. దీనికి పుట్టిల్లు లేదు. ఇక్కడే కాపరం చెయ్యాలి" అన్నాడు, అదేదో పిల్లని అప్పగిస్తున్నట్టు. నాకు నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. నవ్వితే ఇంకో గంట చెబుతాడు.

అయితే ఆ రోజు దాన్ని బిగించడం కుదర్లేదు. మా ప్రెస్సులో ఆయుధపూజ చేసేది బైండింగ్ పిన్ని. రోజూ భట్టిప్రోలు నుంచి రైల్లో వచ్చే మనిషి. కాగితాలు మడవడం, అంటించడం ఆమె పని. పూజ మొదలుపెట్టించింది పెద్ద సాయిబు గారే. "అన్నం పెట్టే మిషన్లకి మీ పద్ధతిలో దణ్ణం పెట్టుకోండి, నాకేం అభ్యంతరం?" అని ప్రతి దసరాకీ కొబ్బరికాయ ఆయనే తెప్పించేవారు. పిన్ని కటింగ్ మిషన్ నుంచి స్టేప్లర్ దాకా దేన్నీ వదలకుండా పసుపు రాసి బొట్టు పెట్టేది. పూజ అయ్యాక మర్నాటి దాకా ఏ పనిముట్టునీ ముట్టకూడదు. బావ స్క్రూడ్రైవర్ తీయబోతే పిన్ని చేతిమీద ఒక్కటేసింది. "రేపు తియ్యి నాయనా, ఈరోజు దానికీ సెలవే" అంది. బావ గొణుక్కుంటూ కార్డు నా బల్ల మీద పెట్టి, రేపల్లెలో వాళ్లక్క ఇంటికి పోయాడు. నేను బయట గుమ్మంలో ప్రసాదం పంచుతూ కూర్చున్నాను.

పండగ అయ్యాక బావ రేపల్లె నుంచి తిరిగొచ్చి కార్డు బిగించాడు. పీసీ తెర తెచ్చి దానికి తగిలించాం. స్విచ్ వేశాం. టంగ్. తెర నల్లగానే ఉంది. గుంట మార్చాడు. టంగ్, నలుపు. ఇంకో గుంట. అదే తంతు. రాసిన మాటల్లో ఎక్కడో తప్పు దొర్లి ఉంటుందన్నాడు. సరిచూడడానికి పీసీలో పెడితే అక్కడా పలకదాయె.

"రాకపోతే రాదని ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఆయనకి ఆశ పెట్టి..." అని అరిచాను.

"ఆశ పెట్టింది నువ్వు. తీస్తానండీ అన్నది ఎవరు?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. బావ బాపట్ల వెళ్లిపోయాడు. నేను ఒక్కదాన్నే రోజూ పొద్దున్నే స్విచ్ వేసి, ఆ టంగ్ విని, నల్లటి తెర ముందు కాసేపు నిలబడేదాన్ని. నిఖా దగ్గరపడుతోంది. చివరికి చిన్న సాయిబు గారే బావని పిలిపించి, "మీ కార్డు మీరు తీసుకెళ్లండి. పాపం మీరూ కష్టపడ్డారు. విజయవాడలో ఎవరిచేతన్నా రాయించుకుంటాం" అన్నారు. బావ కార్డు ఊడదీయగానే తువ్వాలు ఆయనే తీసుకుని మ్యాక్ మీద కప్పి, మూలలు సరిచేశారు. అన్నగారు కప్పినట్టే కప్పారు. నాకు ఏడుపు ఆగలేదు.

బైండింగ్ బల్ల దగ్గర్నుంచి పిన్ని తల ఎత్తింది.

"ఇదేం చోద్యమమ్మా. పూజనాడు దానికి కూడా పసుపు రాశానే. అయినా పలకదేం?"

బావ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "దేనికి రాశావు పిన్నీ?"

"ఆ పలకకే. కొత్త పనిముట్టు కదా, వదిలేస్తే బాగుంటుందా? కింద బంగారు పళ్లలాగా ఉన్నాయి చూడు, వాటికి రాశా. నువ్వు అరుస్తావని మళ్లీ కొంగుతో తుడిచేశాలే."

కార్డుని గుంటలో దించేది ఆ పళ్లతోనే. కార్డుకీ మ్యాక్‌కీ మాటలు అటూ ఇటూ వెళ్లేది వాటిమీంచే. బావ కార్డు వెలుగులోకి పట్టుకున్నాడు. బంగారు రంగు మీద పసుపు. తుడిచాక మిగిలింది ఎండి అతుక్కుపోయి ఆ రంగులోనే కలిసిపోయింది. ఎవరికి కనపడుతుంది? బావ నా బల్ల మీది రబ్బరు తీసుకుని పళ్లన్నీ రుద్దడం మొదలుపెట్టాడు. తెల్ల కాగితం మీద పచ్చటి పొట్టు రాలింది. పిన్ని లేచొచ్చి చూసి, "నా తల్లే" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోలర్లు తుడిచే స్పిరిట్టుతో ఇంకోసారి తుడిచి, ఆరనిచ్చి, కార్డు దించాడు.

టంగ్. తెర బూడిదరంగుకి తిరిగింది. మధ్యలో ఆ చిన్న నవ్వుముఖం వచ్చింది, రోజూ పొద్దున్నే పెద్దాయనతో కలిసి నేను చూసిన నవ్వుముఖం. నేను బావ భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చాను. అంతకన్నా మర్యాదగా సంతోషం చెప్పుకోవడం మా ఇద్దరికీ అలవాటు లేదు. పిన్ని మాత్రం "చెప్పానా, పసుపు రాసింది ఊరికే పోద్దా" అంది.

శుభలేఖ తెరిచాను. తీగలు, పిట్టలు, అన్నీ ఉన్నాయి. చిన్న సాయిబు గారు కళ్లద్దాలు పెట్టుకుని ముందుకి వంగి, కుడి నుంచి ఎడమకి మెల్లగా చదవసాగారు. మధ్యలో ఆగిపోయారు.

"ఏంటి సార్, ఏమైనా తప్పుందా?"

"తప్పేం లేదమ్మా. మా పద్ధతిలో ఇంటికి పెద్దవాడే పిలుస్తాడు. అన్నయ్య తన పేరు మీదే పిలుపు రాసుకున్నాడు."

అన్నాళ్లు ఆ వంపులు దిద్దినదాన్ని, అది ఆయన పేరని నాకు తెలియదు. పోయినవాళ్ల పేరుకి ముందు మర్హూం అని రాయాలట. లేకపోతే ఆ పేరు తీసేసి తండ్రి పేరు పెట్టాలి. చుట్టాలు కూడా అదే అన్నారు. తీసేయడం నాకు చిటికెలో పని. చిన్న సాయిబు గారు ఆ రోజంతా ఆలోచించి, సాయంత్రం వచ్చి, "అట్టాగే ఉంచు. ఆ ముందు మాట రాయడానికి ఆయన చెయ్యి లేదు. ఇంకొకరి రాతలో ఆ మాట అక్కడ నేను చూడలేను" అన్నారు.

పెళ్లికొడుకు పేరు ఒక్కటే మిగిలింది. పెద్దాయన ఇంతకు ముందు ఎవరెవరి పెళ్లిళ్లకో రాసినవన్నీ తెరిచి, చిన్నాయన వేలితో చూపిస్తుంటే ఒక్కో అక్షరాన్నీ ఏరి తెచ్చి, ఒకదానికొకటి అతికించి ఆ ఖాళీ నింపాను. అతుకు ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేకపోయారు. పట్టుకోగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు.

నిఖా రోజు ఫంక్షన్ హాలు గుమ్మంలో చిన్న సాయిబు గారితోపాటు నేనూ వచ్చినవాళ్లకి అత్తరు రాస్తూ నిలబడ్డాను. రేపల్లె నుంచి ఒక ముసలాయన కర్ర ఊతంతో వచ్చారు. అన్నదమ్ములిద్దరికీ చిన్ననాడు చదువు చెప్పిన ఉస్తాదుట. ఇల్లు కదలడం తక్కువ, ఊరి కబుర్లు చేరే వయసు కాదు. శుభలేఖని జేబులోంచి తీసి చూపించారు.

"మీ అన్నయ్య ఏడి? రాత చూసి వాడిదేనని గుర్తుపట్టాను. ఇంత దూరం రప్పించి గుమ్మంలో కూడా లేడేం?"

చిన్న సాయిబు గారు ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"అన్నీ చెప్తానండి. ముందు లోపలికొచ్చి భోజనం చెయ్యండి. పిలిచింది అన్నయ్యేగా."