సముద్రం మూసిన నెలల్లో ఒక విచారణ

మొన్న మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, సీతమ్మధారలోని మా ఇంటి ముందుగదిలో, మనవరాలు సెల్‌ఫోన్‌లో ఒక ఉద్యోగ ప్రకటన తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. గోడ గడియారం పదీ ఇరవైరెండు చూపించింది గాని, అది రెండు నిమిషాలు ముందు నడుస్తుందన్న పట్టింపు ఇంట్లో నాకొక్కదానికే ఉంది. నగరం పనులు చూసే ఏదో కార్యాలయంలో రెండు రకాల ఖాళీలట. ఒకటి విచారణ ఉద్యోగం, పోలీసు కాదు, ఖాకీ ఉండదు, మామూలు బట్టల్లో వెళ్ళి ఫిర్యాదులు విచారించి రావాలి. రెండోది ప్రాజెక్టు నిర్వహణ, అనుకున్న గడువులో అనుకున్న ఖర్చుతో పని పూర్తి చేయించాలి. విధులూ అర్హతలూ ఒక్కొక్కటే చదివి, దేనికి దరఖాస్తు పెట్టమంటావు అమ్మమ్మా అని అడిగింది.

ఆ రెండు ఉద్యోగాలూ ఒకప్పుడు ఒకే గదిలో, ఒక చెక్క అడ్డుగోడకి ఇటూ అటూ కూర్చునేవి. ఇటు నేను, అటు మా బావ.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఇంజనీరు. మద్దిలపాలెంలో ఒకే బస్సు ఎక్కేవాళ్ళం, ఒంటిగంటకి ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పేవాళ్ళం. వాళ్ళింట్లో ఎండుచేప వాసన మా అక్కకి, అంటే ఆయన భార్యకి, పడేది కాదు. అందుకని గురువారం గురువారం నేను ఎండు నెత్తళ్ళు వంకాయతో కలిపి వండి తెచ్చేదాన్ని, ఆయన తన గిన్నె తీయకుండానే నా క్యారియర్ రెండో గిన్నె మూత తీసేసేవాడు. అడగడం, పెట్టడం ఏమీ ఉండేది కాదు. మన తరంలో బంధుత్వాలు అలాగే ఉండేవి, మీకు తెలియనిది కాదు.

ఆ కార్యాలయాన్ని తర్వాత ఇంకో శాఖలో కలిపేశారు, పేరు రాసి లాభం లేదు. అందులో నేను చాలా ఏళ్ళు టైపిస్టుగా చేశాను. నలభై దాటాక విచారణ సెక్షన్‌కి మార్చారు. అర్హత ఏమిటంటే, వాడల్లోకి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు మగ ఉద్యోగులతో మాట్లాడకుండా తలుపులు వేసుకుంటున్నారు, నాతో మాట్లాడతారని. అంతకు మించి అర్హత ఎవరూ అడగలేదు. విధులు మాత్రం మా సెక్షన్ పెద్దాయన మొదటి రోజే చెప్పారు. చూసింది ఒక పక్క రాయాలి, విన్నది ఇంకో పక్క రాయాలి, అనుకున్నది ఎక్కడా రాయకూడదు. చూసినదానికే విలువ, విన్నది వట్టి విన్నదే. రిటైరయ్యే రోజు దాకా నేను ఆ మాట తప్పలేదు.

మా నగరంలోని పాతపట్నానికి అవతల, తీరం వెంబడి ఒక రోడ్డు, దాని పక్కన బళ్ళు నిలుపుకునే జాగా, ఇది అప్పట్లో బావ చేతిలో ఉన్న పని. మే నెలలో ఆయన స్వయంగా వెళ్ళి ఆ ఇసుక నేలని ఫోటో తీసుకొచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇసుక, నాలుగు వెదురు గుంజలు, రెండు మేకలు. ప్లాను మీద ఖాళీ స్థలం అని రాశారు. వారం తిరక్కుండా అక్కడి ఆడవాళ్ళ దగ్గర్నుంచి అభ్యంతరం వచ్చింది. అది ఖాళీ నేల కాదని, తరతరాలుగా తాము చేపలు ఎండబెట్టుకునే కళ్ళమని, అది పోతే తమకి పొయ్యి వెలగదని. విచారణ నాకు వచ్చింది. గడువు పదిహేను రోజులు.

నేను వెళ్ళేసరికి పడవలన్నీ ఒడ్డుకి లాగి బోర్లించి ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించే నెలలవి, ఊరంతా దాన్ని సముద్రం మూశారు అనేవారు. వేట లేదు గనుక చేప లేదు, చేప లేదు గనుక ఆ నేల మీద ఏమీ లేదు. బావ ఫోటోలో ఉన్నదే నా కళ్ళకీ కనిపించింది. మేకలు కూడా అవే అయి ఉండాలి.

అక్కడ నన్ను మొదట గుర్తుపట్టింది మేం అప్ప అని పిలిచే మనిషి. నా పెళ్ళయిన కొత్తలోంచీ మా వీధిలోకి ఎండుచేపల తట్ట తెచ్చేది, మా అత్తగారితో బేరంలో పోట్లాడి, వెళ్ళేటప్పుడు గుప్పెడు ఎక్కువే వేసి వెళ్ళేది. గురువారాలు నేను వండినవన్నీ ఆవిడ నెత్తళ్ళే. చేతిలో ఫైలు చూసి నవ్వింది.

"ఏటి సెల్లెమ్మా, నెత్తళ్ళు అయిపోనాయా, ఇంతదూరం వచ్చీసినావు?"

వచ్చిన పని చెప్పాను. నవ్వు పోయింది.

"సేపేది, సూపించు అంటే నానెక్కడ తెత్తాను? సముద్రం మూసీసింది మీవోళ్ళే, కళ్ళం కాళీ అని రాసింది మీవోళ్ళే. ఏసవి సెలవలకి బడికి తాళం ఏత్తారు గదా, బడి నేదని రాసుకెల్లిపోతారేటి?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకావిడ, గట్టిగా అనకప్పా, కాయితం మీద అది కూడా రాసీగలదు, అంది. అప్ప వంగి, ఇసుక దోసిట్లోకి తీసుకుని నా అరచేతిలో పోసింది. ఎండలో చిన్న చిన్న పొలుసులు మెరిశాయి. వేలితో ఎంత లోతుకి కెలికినా ఇసుకలో పొలుసులు వస్తూనే ఉన్నాయి, ఉప్పు వాసన వస్తూనే ఉంది.

సాయంత్రం ఆఫీసుకి వచ్చి రాశాను. చూసింది: ఇసుకలో లోపలి దాకా చేప పొలుసులు. విన్నది: అప్ప చెప్పినదంతా. ఆ కింద, చూసింది కాదు, విన్నది కాదు, మూడో మాట ఒకటి రాశాను. ఈ నేల వాడకంలో ఉందో లేదో వేట మొదలయ్యాక గాని చూడడం సాధ్యం కాదు, నేనింకా చూడలేదు, గడువు పెంచండి అని.

మర్నాడు గురువారం. బావ రెండో గిన్నె మూత తీశాడు గాని చెయ్యి పెట్టలేదు.

"వానలు పడితే నాను పునాది తియ్యలేనే. ఈ నెల పోతే మళ్ళీ సంక్రాంతి దాటాలి. సూసింది రాయడమే గదా నీ ఉద్యోగం?"

"చూడలేదని రాయడం కూడా నా ఉద్యోగమే బావా."

"పొలుసులంటావేటి, పొలుసులు మా వీధి కాలవలోనూ దొరుకుతాయి."

"మీ వీధి కాలవలో దొరికేవి మా అక్క చూడకుండా నువ్వు పారేసినవి."

నవ్వు ఆపుకోలేక రెండు ముద్దలు తిన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, లంచం తిన్నవాడు కాదు. చెప్పిన రోజుకి పని అప్పగించడమే ఆయన జీవితమంతా పడ్డ తాపత్రయం. అటు ఆయన విధి, ఇటు నా విధి, రెండూ కాగితం మీద సరైనవే.

పెద్దాయన గడువు పెంచారు, వేట మొదలైన పది రోజుల దాకా. అక్కడితో నా బాధ్యత తీరిందనుకుని నిశ్చింతగా ఉన్నాను. అయితే అభ్యంతరం కాగితం మీద వేలిముద్రలు వేసినవాళ్ళందరూ దక్షిణం వైపు ఆరబెట్టుకునే వాళ్ళే. ఉత్తరం వైపు వాళ్ళు వేట లేని నెలల్లో శ్రీకాకుళం వైపు సొంత ఊళ్ళకి వెళ్ళిపోతారు, ఏటా అంతే, అక్కడ కూలో నాలో చేసుకుని పడవలు దిగే వేళకి తిరిగి వస్తారు. కాగితం తయారైన రోజున వాళ్ళు ఊళ్ళో లేరు. అభ్యంతరం రాని భాగంలో పని ఆపాలని ఏ నిబంధనా లేదు. బావ ఆ సగంలో ఎర్ర గ్రావెల్ పోయించి, రోలర్ తోలించాడు. ఆ సంగతి నాతో చెప్పనూ లేదు, దాచనూ లేదు. నేను అడ్డుగోడకి ఇటువైపు ఉన్నాను, నా ఫైల్లో అది లేదు.

సముద్రం తెరిచిన నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళాను. ఒక్కసారి వచ్చి నీ కళ్ళతో చూడు అంటే బావ కూడా వచ్చాడు. దక్షిణం సగంలో కాలు పెట్టడానికి సందు లేదు. పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు, కవ్వళ్ళు, కంటికి ఆనినంత మేర వెండి రేకు పరిచినట్టు ఉంది. ఆడవాళ్ళు వరసల మధ్య వంగి చేపలు తిరగేస్తున్నారు, కాకుల్ని అదిలిస్తున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన ఉత్తరం వాళ్ళు మాత్రం బిగించిన గ్రావెల్ అంచున తట్టలు దించుకుని నిలబడ్డారు. చేప ఆగదు, పగలు గడిస్తే కుళ్ళుతుంది. కొందరు ఆ రాళ్ళ మీదే పోసేశారు. అప్ప ఆడపడుచు, అప్ప కంటే పెద్దది, చూపు ఆననిది, రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న నెత్తళ్ళని వేళ్ళతో తడిమి ఏరుతోంది. ఏరిన ప్రతి చేపకీ ఎర్రమట్టి అంటుకుని ఉంది.

అప్ప మమ్మల్ని చూసింది. ఆడపడుచు దగ్గరికి వెళ్ళి, "ఒదినా, అదొగ్గీ. ఇటు రా, నా జాగాలో పొయ్యి" అని తట్ట లాక్కుంది. తన వలని సగానికి మడిచి చోటు చేసింది. అది చూసి పక్కావిడ మడిచింది, ఆ పక్కావిడ మడిచింది. ఒక గంటలో రెండు సగాల వాళ్ళూ ఒక్క సగంలో సర్దుకున్నారు. చేపలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అలా పడితే సరిగా ఎండవని అక్కడ అందరికీ తెలుసు, చెప్పినవాళ్ళు లేరు.

బావ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఆ వరసల మధ్యే చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వస్తుంటే ఒక్క మాట అన్నాడు.

"ఫోటో నానే తీసినాను. అందులో అబద్ధం ఏటీ నేదు."

నేను నివేదికలో చూసింది అనే పక్కన ఆ ఉదయం చూసినదంతా రాశాను. విన్నది అనే పక్కన ఏమీ రాయలేదు, అవసరం లేకపోయింది. బావ తన ప్లానుని తానే దిద్దాడు, రోడ్డుని సన్నం చేసి దక్షిణం సగం వదిలేశాడు. రోలర్ తోలిన సగాన్ని మళ్ళీ ఇసుక చేయడం ఎవరి వల్లా కాలేదు. పని ఆలస్యమైంది, ఆ ఏడు ఆయనకి రావలసిన పెద్ద కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. అయినా మామూలుగానే బస్సులో పక్కన చోటు పట్టేవాడు. కాని గురువారాలు నా రెండో గిన్నె మూత తీయడం మానేశాడు. నేనే తీసి ముందు పెడితే, వద్దే, గొంతు దిగట్లేదు అన్నాడు. మూడు గురువారాలు తెచ్చి, నాలుగోసారి నుంచి తేవడం మానేశాను.

మిగిలిన సగం నేను రిటైరయ్యాక కూడా కొన్నేళ్ళు ఉంది. తర్వాత ఇంకో ప్రాజెక్టు వచ్చింది. ఈసారి ఫోటో ఆకాశం నుంచి తీశారట, అదీ ఎండాకాలంలోనే. అభ్యంతరం చెప్పడానికి అప్పటికి అప్ప లేదు. ఉన్నవాళ్ళలో కొందరు పూర్ణా మార్కెట్లో వేరే ఊళ్ళ ఎండుచేప కొని అమ్ముతున్నారు, కొందరి కోడళ్ళు అపార్టుమెంట్లలో పనికి వెళ్తున్నారు. కిందటేడు బావ పోయాక పదకొండో రోజున, వాళ్ళింటి నుంచి వస్తూ ఆటో అటు తిప్పించాను. కార్లు వరసగా నిలిపి ఉన్నాయి. దిగి నేల చూద్దామనుకున్నాను, అంతా సిమెంటు.

ఇదంతా మనవరాలికి చెప్పేసరికి పన్నెండు కావచ్చింది. అది విచారణ ఉద్యోగానికి నమూనా ప్రశ్న ఇదీ అని ఫోన్ చూపించింది. స్థలానికి వెళ్ళి ఒక ఫోటో ఎక్కించాలి, కింద, స్థలం వాడకంలో ఉందా అని ఒక ప్రశ్న. జవాబుకి రెండే గడులు, ఉంది, లేదు. మూడో గడి ఎక్కడుందమ్మా అని అడిగాను. వెతికింది, లేదంది. అయినా ఆ ఉద్యోగానికే పెడతానంది. నేను వద్దనలేదు, పెట్టమనీ అనలేదు.

లెక్క రాసుకోవడం నా అలవాటు, అందుకని రాస్తున్నాను. పోయినవి ఇవి. మొదట ఉత్తరపు సగం, తర్వాత దక్షిణపు సగం. నలభై మూడు ఇళ్ళవాళ్ళు చేపలు ఎండబెట్టుకున్న చోటు. మా వీధిలో అప్ప కేక. గురువారం ఒంటిగంటకి బావ తీసే రెండో గిన్నె మూత. నేనింకా చూడలేదు అని రాయడానికి కాగితం అడుగున ఉండే జాగా.